బడితోటకో పంచాంగం

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారీ, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రహదారీ కలిసే కూడలి విజయవాడ బెంజ్ సర్కిల్. గజం జాగాకు కూడా గిరాకీ ఉన్న చోటు. ఇక్కడి బళ్లలో కూరగాయల తోట వేద్దామంటే మొదట వినిపించే మాట, ‘జాగా ఏదండీ?’ అని. నిజమైన చిక్కు జాగాది కాదు, కాలానిది అంటాను నేను. కేంద్ర విద్యాశాఖ బడుల్లో పోషకాహార తోటల కోసం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు, నేల లేని పట్టణ బడులు డాబాల మీదా కుండీల్లోనూ పెంచుకోవచ్చని అప్పుడే చెప్పాయి. అయినా ఎంతో సంబరంగా మొదలైన తోటలు కొన్నాళ్లకే ఎండిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. మొక్క నాటే రోజును మనం పంటను బట్టి కాక పండగను బట్టి ఎంచుకుంటాం. జూన్ 5న పర్యావరణ దినోత్సవం. అప్పటికి మన బడులు తెరవనే తెరవరు. ఆగస్టు 15న నాటితే ఆ మొక్క కాపుకొచ్చే వేళకు దసరా సెలవులు అడ్డొస్తాయి. నీళ్లు పోసేవాళ్లుండరు, కాయ కోసేవాళ్లూ ఉండరు.

కృష్ణా డెల్టాకు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఇక్కడి సేద్యం కాలువకు నీళ్లెప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్న లెక్క మీదే నడిచింది. వేసవిలో కాలువ కట్టేస్తారు, బడీ మూసేస్తారు. తొలకరితో రెండూ మొదలవుతాయి. కాబట్టి బడితోటకు సెలవుల జాబితాను ముందు పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. తోటకూర, మెంతికూర నెల లోపే కోతకొస్తాయి. బెండకు నెలన్నర, ఆనపకు రెండు నెలలు కావాలి. వంగకూ టమాటాకూ నారు పెంచడానికే దాదాపు నెల పడుతుంది. జూన్ మూడోవారంలో ఆకుకూరలూ బెండా చల్లితే, దసరాకు చాలా ముందే పిల్లలు వాటిని కోసుకుంటారు. సెలవుల తర్వాత నాటిన టమాటా, తుపానుల తాకిడి తప్పించుకుంటే, సంక్రాంతి దాటాక కాపునిస్తుంది. పాత రకం చిక్కుడుదో ప్రత్యేకత. తొలకరికే విత్తినా పొద్దు తగ్గితేగానీ అది పూయదు. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టే ఇంటి పిల్లలకు ఆ కాయ ఆ రోజులకే ఎందుకు అందుతుందో తోటలో తెలిసినంత బాగా పుస్తకంలో తెలియదు.

ఈ లెక్కంతా ఎవరు వేయాలన్నదే నా అసలు వాదన. చాలాచోట్ల మాస్టారు మడులు గీస్తారు, విత్తనాలు తెప్పిస్తారు. పిల్లలు తవ్వి నీళ్లు పోస్తారు. అలాంటప్పుడు ‘మా పిల్లల్ని మట్టిపనికి పంపించామా?’ అని తల్లిదండ్రులు అడిగితే ఆ మాటలో న్యాయం ఉంది. ఆలోచన పెద్దలదీ కష్టం పిల్లలదీ అయితే దాన్ని చదువు అనలేం. అదే ఆరో తరగతి పిల్లల చేతికి సెలవుల జాబితా, విత్తనాల పొట్లాల మీది వివరాలు, టేపూ ఇచ్చి, ఈ జాగాలో ఏవి, ఎప్పుడు, ఎంతెంత ఎడంలో వేయాలో తేల్చమంటే, తీసివేతలూ వైశాల్యాలూ ఋతువులూ వాళ్లకు అవసరమై వస్తాయి. తప్పు లెక్కకు ఫలితం ఎర్ర సిరాతో కాక మొలవని మడితో తెలుస్తుంది. గాంధీజీ 1937లో వార్ధాలో పెట్టిన విద్యా ప్రణాళికకు చేతిపని ద్వారా చదువు అన్నదే ప్రాణం. అయితే ఆ పని ఆదాయం తేవాలన్న ఆశ దానికి బరువైందని నేననుకుంటాను. బడితోట మీద ఆ బరువు పెట్టకూడదు.

మధ్యాహ్న భోజనానికి కూర దొరుకుతుంది కదా అని తోటను సమర్థించేవాళ్లతోనూ అందుకే నేను పూర్తిగా ఏకీభవించను. ఆ పథకం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు, పై తరగతుల వాడికి 75 గ్రాములు. వందమంది చిన్నపిల్లలున్నా రోజుకు 5 కిలోలు. నాలుగు మడులు, పది కుండీలు ఏడాది పొడవునా అంత ఇవ్వలేవు. డొక్కా సీతమ్మ గారి పేరున నడుస్తున్న ఆ వంట పటమట రైతుబజారు వంటి సంతల మీదే ఆధారపడాలి. తోట ఫలితం వేరే చోట ఉంది. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, తోటపని చేసిన పిల్లలకు కూరగాయల గురించి తెలియడం, వాటిని రుచి చూడటానికి ముందుకు రావడం తరచుగా కనిపించింది. తినే పరిమాణం పెరగడం మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేదు. బచ్చలిని చూడగానే కంచం పక్కకు నెట్టే పిల్ల ఒక్క ముద్ద రుచి చూసినా నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

బెంజ్ సర్కిల్ లాంటి చోట నేను నిజంగా లెక్కచేసే అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది డాబా. మనుషులు తిరిగే డాబాకు మన నిర్మాణ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. 20 సెంటీమీటర్ల మందాన తడిమట్టి పరిస్తే ఆ బరువు 300 కిలోలు దాటుతుంది. అందుకే ఇంజనీరును అడగకుండా డాబా మీద మడి కట్టకూడదు. కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మిశ్రమంతో కుండీలను దూలాల వెంబడి పెట్టుకోవాలి. రెండోది రోడ్డుపక్క మట్టి. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000లో ఆగినా, అంతకుముందు నేల మీద పడింది పైమట్టిలోనే దశాబ్దాలపాటు ఉండిపోగలదు. రహదారిని ఆనుకున్న బడి మట్టిని ముందు పరీక్ష చేయించాలి. సీసం ఆకుల్లోకీ దుంపల్లోకీ చేరినంతగా కాయల్లోకి చేరదు కనుక నేల మీద బీర, ఆనప వేసి, ఆకుకూరలను శుభ్రమైన మట్టి నింపిన కుండీల్లో పెంచి, బాగా కడిగి వండాలి. డాబా మీద మట్టి బరువెంత, ఏ మొక్క ఏ మట్టిలో అన్న ఈ రెండు లెక్కలూ పిల్లలే వేయగలరు, వాళ్లచేత వేయించాలి కూడా.

ర్యాంకుల ఊళ్లో దీనికి తీరికెక్కడిదని అడుగుతారు. పదో తరగతిని వదిలేసి, ఆరేడు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు ఇస్తే చాలు. ఆ రెండూ లెక్కల, సైన్సు పీరియడ్లే కావచ్చు. ఇక వేసవి మాటకొస్తే, ఏప్రిల్లో తోట పచ్చగా ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. హైబ్రిడ్ కాని బెండ, గోంగూర మొక్కలు కొన్నింటిని కోయకుండా గింజకు వదిలి, ఆ గింజల్ని ఎండబెట్టి సీసాల్లో పోసి, వేసిన తేదీ, కోసిన తేదీ, పోయిన మొక్కల సంఖ్య రాసిన నోటుపుస్తకంతో సహా కింది తరగతికి అప్పగించాలి. జూన్‌లో వాళ్లు మొదట చేయాల్సిన పని ఆ పుస్తకం చదివి, అందులో ఏ తేదీ మార్చాలో తేల్చుకోవడం.