చక్రం జరిపే ముందు టైరు ఎందుకు ఒరుసుకుంటోందో చూడండన్నా

ఈసారి పంట గురించి కాదు, పంట మోసే బండి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. మన పుంగనూరు, చౌడేపల్లె, సోమల, సదుం పక్క ఏ ఊర్లో చూసినా ఇప్పుడు ఒక పాత జీపో, పికప్పో ఉంది. పొద్దున పాల క్యాన్లు, మధ్యాహ్నం మందుల మూటలు, రాత్రికి మదనపల్లె మార్కెట్టుకు టమాటా. ఆదివారమైతే అదే బండిలో ఇంటిల్లిపాదీ బోయకొండకు. కారు, లారీ, ఆటో అన్నీ మనకు అదే.

ఆ బండ్లకు ఈమధ్య ఒక మోజు వచ్చింది. కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి లావు టైర్లు వేయడం. చూసేదానికి బాగుంటుంది, గుంతల్లో బండి ఎత్తుగా ఉంటుంది, కాదనను. కానీ వేసిన వారానికే లోపలి పక్క గరగరమని చప్పుడు మొదలవుతుంది. టైరు పోయి స్ప్రింగుకో, చాసిసుకో, ముందు చక్రం ఆర్ముకో ఒరుసుకుంటుంది. అప్పుడు అంగడాయన ఒకటే మందు చెప్తాడు: "స్పేసర్లు వేస్తే సరి."

స్పేసర్ అంటే తెలియనివాళ్లకు చెప్తా. హబ్బుకూ రిమ్ముకూ మధ్యలో పెట్టే గుండ్రటి లోహపు బిళ్ల. అది ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి జరుగుతుంది. లోపల సందు వస్తుంది, చప్పుడు ఆగుతుంది. ట్రాక్టరు ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. వేరుశనగ సాళ్లకు ఒక వెడల్పు, దుక్కికి ఇంకో వెడల్పు అని వెనక చక్రాల డిస్కు తిరగేసి బిగించుకుంటాం కదా, ఆలోచన అదే. తేడా ఒక్కటే. ట్రాక్టరుకు ఆ వెడల్పులన్నీ కంపెనీ ముందే లెక్కేసి, ఇరుసు దానికి తగ్గట్టు చేసి, ఏ కొలత దాకా పోవచ్చో పుస్తకంలో రాసి ఇచ్చింది. జీపుకు అట్ల ఇవ్వలేదు.

మా బామ్మర్ది సంగతి చెప్తా. 2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాటా వంద దాటినప్పుడు వాని తోట కాపులో ఉంది. ఆ డబ్బుతో అప్పు తీర్చి, మిగిలిందానితో కోలారు పక్క నుంచి పాత బొలెరో తెచ్చినాడు. దానికి అప్పటికే 235 టైర్లు ఉన్నాయి. ముందు చక్రాలు రెండూ స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల తగులుతాయి. వెనక ఎడమ చక్రం మాత్రం క్రేట్లు వేసినప్పుడు ఒరుసుకుంటుంది. టైర్ల అంగడిలో చూపిస్తే, నాలుగు చక్రాలకూ 8 మిల్లీమీటర్ల స్పేసర్లు వేసి పంపించినారు. చప్పుడు ఆగిపోయింది. వాడు సంతోషంగా ఇంటికొచ్చి, "బావా, శుక్రవారం అక్కను, పిల్లోళ్లను బోయకొండకు పిల్చకపోతా" అన్నాడు.

నేను వెంటనే సరే అనలేదు. "ఒకసారి చక్రం విప్పి చూద్దాం రా" అన్నా.

వానికి కోపమొచ్చింది. "నా బండి మీద నీకు నమ్మకం లేదా బావా?" అన్నాడు. "నమ్మకం కాదురా, నట్టు చూడాల" అన్నా. జాకీ ఎత్తి, వెనక చక్రం నట్టు ఒకటి లూజు చేసి, ఊడొచ్చేదాకా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టినాం. అయిదు. స్పేసర్ తీసేసి అదే నట్టు ఎక్కిస్తే పదకొండు. అంటే సగానికి పైగా మర ఆ బిళ్లే తినేసింది.

ఈ లెక్క మీరూ గుర్తుపెట్టుకోండి. నట్టు లోపల మర కనీసం స్టడ్డు ఎంత లావుందో అంత పొడుగు పట్టుకోవాల. స్టడ్డు 12 మిల్లీమీటర్లయితే 12 మిల్లీమీటర్ల మర. మర దూరం 1.5 అయితే 8 చుట్లు, సన్న మర 1.25 అయితే 10 చుట్లు. అంతకంటే తక్కువ తిరిగితే, ఎంత గట్టిగా బిగించినా అది నిలబడే బిగువు కాదు. ఎద్దులబండికి కడసీల సగమే దిగితే ఆ బండి ఎక్కుతామా?

రెండోది, మధ్యలో రంధ్రం. చాలా బండ్లకు హబ్బు మధ్యలో ఒక అంచు పైకి ఉంటుంది, రిమ్ము దాని మీద కూర్చుంటుంది. ఉత్త బిళ్ల స్పేసర్ పెడితే ఆ అంచు బిళ్లలో మునిగిపోతుంది. ఇంక చక్రాన్ని మధ్యలో నిలబెట్టే బాధ్యత స్టడ్ల మీదే పడుతుంది. కొంచెం పక్కకు కూర్చుంటే స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది, ఆ వణుకుకే నట్లు వదులవుతాయి.

ఆ రోజు మాకు తెలిసిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. ముందు రెండు చక్రాలూ ఒకే తీరుగా తగులుతున్నాయి, సరే, అది టైరు లావు వల్ల. వెనక మాత్రం ఎడమ పక్కే ఎందుకు తగలాల? టైర్లు రెండూ ఒకటే సైజు, రిమ్ములూ ఒకటే. లావే కారణమైతే కుడి పక్కా తగలాల కదా?

పలకతాడు తెచ్చి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా కొలిచినాం. కుడి కంటే ఎడమ పక్క వేలు మందం ఎక్కువ వచ్చింది. పాత కమాన్ కట్టల మెకానిక్కును పిలిస్తే ఆయన కింద దూరి ఒక్క నిమిషంలో చెప్పేసినాడు. ఎడమ కట్టలో సెంటర్ బోల్టు తెగిపోయింది, యూ బోల్టులు వదులైనాయి. ఇరుసు ఎడమ కొస వెనక్కి జరిగి, చక్రం కొంచెం వంకరగా నిలబడి, టైరు వెనక అంచు కట్టకు ఆనుకుంటోంది. బరువేస్తే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు చెప్పండి, ఆ చప్పుడు చెడ్డదా, మంచిదా? ఇరుసు జరిగిపోతోంది చూడండి అని బండి అరిచి చెప్తాంది. స్పేసర్ వేసి ఆ నోరు మూసినాం. ఇరుసును పట్టుకున్నది వదులైన యూ బోల్టులు మాత్రమే. అట్లా బోయకొండ మలుపుల్లోనో, పలమనేరు దాటి మొగిలి ఘాటులోనో బరువుతో బ్రేకు తొక్కి ఉంటే? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు.

కాబట్టి టైరు ఒరుసుకుంటే మొదట చేయాల్సినవి ఇవి. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు.

ఎక్కడ తగులుతుందో చూసుకోండి. అనుమానమున్న చోట తడి సున్నం పూసి, ఆరినాక బండి తిప్పండి. సున్నం ఎక్కడ చెరిగిపోతే అక్కడే. ఉత్త బండితో చూస్తే చాలదు. మామూలుగా వేసే బరువు వేసి, స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, ఒక చక్రం గట్టు మీదికి ఎక్కించి కూడా చూడండి.

రెండు పక్కలా ఒకటే తీరుగా తగిలితే టైరో, రిమ్మో కారణం. ఒకే పక్క తగిలితే ఏదో విరిగింది, అరిగింది, లేదా వంగింది. బుష్షులు, బాల్ జాయింట్లు, కట్టలు, యూ బోల్టులు, సెంటర్ బోల్టు చూపించండి. అది బాగుచేయకుండా స్పేసర్ మాట ఎత్తొద్దు.

టైరు లావు లెక్క కూడా మీరే వేసుకోవచ్చు. బొలెరోకు కంపెనీ ఇచ్చే సైజు 215/75 ఆర్15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 235 వేస్తే 20 ఎక్కువ, అంటే లోపలికి 10, బయటికి 10. రెండో అంకె ఎత్తు శాతం. 215లో 75 శాతం 161, 235లో 75 శాతం 176. అంటే టైరు నిలువునా 15 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. స్పేసర్ వేస్తే లోపలి 10 తగ్గుతుందేమో గానీ ఈ ఎత్తు ఎక్కడికీ పోదు. లోపల తప్పించుకున్న టైరు, బరువు పడినప్పుడు బయట మడ్గార్డు అంచుకు తగిలి కోసుకుంటుంది. స్పీడు మీటరు కూడా 4 శాతం తక్కువ చూపిస్తుంది.

బేరింగు సంగతి ఒక మాటలో చెప్తా. పాల క్యాను ఒంటికి ఆనించి మోస్తే ఒక బరువు, అదే క్యాను చెయ్యి చాచి పట్టుకుంటే ఇంకో బరువు. క్యాను మారలేదు, దూరం మారింది. చక్రాన్ని బయటికి జరిపితే బేరింగు మీద, స్టడ్ల మీద పడేది అదే. ముందు చక్రాలకైతే స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంతలో పడితే చేతిలోంచి గుంజుతుంది. టౌన్లో ఒక్కడే తిరిగే కారుకు ఇది చిన్న సంగతి. టన్ను బరువుతో మట్టి దారిలో తిరిగే మన బండికి చిన్నది కాదు.

అయితే స్పేసర్లు పూర్తిగా చెడ్డవని నేను అనను. జర్మనీలో పోర్షే కంపెనీ కొన్ని కార్లకు తానే స్పేసర్లు ఇస్తుంది, వాటికి తగ్గ పొడుగు బోల్టులతో సహా. అదే దేశంలో బయట కొన్న స్పేసర్ వేయాలంటే ఆ బండికి సరిపోతుందన్న పత్రం ఉండాల. అంటే వస్తువులో తప్పు లేదు, కొలవకుండా వేయడంలోనే ఉంది.

మన దేశంలో చట్టం కూడా తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. జరగరానిది జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట వెతికేది ఇట్లాంటి మార్పులనే.

ఇంతా తెలిసీ వేయక తప్పదంటే, ఉత్త బిళ్లలు వద్దు. సొంత స్టడ్లు ఉండి, హబ్బుకు ఒక బిగువు, చక్రానికి ఇంకో బిగువు ఉండే రకం తీసుకోండి. దాని మధ్య రంధ్రం మీ హబ్బు అంచుకు అచ్చంగా సరిపోవాల. ఒక ఇరుసుకు ఒక పక్కే వేయొద్దు, రెండు పక్కలా ఒకే మందం. బిళ్ల మీద బిళ్ల పెట్టొద్దు. తుప్పు, మట్టి గీకి శుభ్రం చేసి కూర్చోబెట్టండి. గన్నుతో వదిలేయకుండా టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన కొలతకు, ఎదురెదురుగా బిగించాల. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినాక చక్రం తీసి మళ్లీ చూసి బిగించాల. ఇవన్నీ చేసే ఓపిక లేకుంటే కంపెనీ సైజు టైర్లే మేలు.

మా బామ్మర్దికి అదే చెప్పినా. సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి వేసి కట్ట సరిచేసినాక వెనక పక్క చప్పుడు స్పేసర్ లేకుండానే పోయింది. ముందు చక్రాలకు మాత్రం 215కే రావాల్సొచ్చింది. ముందొక సైజు, వెనకొక సైజు వద్దని నాలుగూ మార్చినాం. పెట్టిన డబ్బు అంతా తిరిగి రాలేదు. "ఊర్లో బండి చిన్నబోయింది బావా" అని వాడు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా ఇంట్లో కూడా "తమ్ముని మనసు నొప్పిచ్చినావు" అని సన్నగా పడింది. పడనీలే. బోయకొండకు రెండు వారాలు ఆలస్యంగా పోయినాం, అందరం ఒకే బండిలో, ఏడు మందిమి. కొండ దిగేటప్పుడు వాడే అన్నాడు, "బండి ఇప్పుడు నేరుగా పోతాంది బావా, ఇంతకుముందు పక్కకు గుంజేది" అని. అంతే, ఇంకేమీ అనలేదు.

మీలో ఎవరికైనా పాత బండి కొన్నప్పుడే లావు టైర్లు వచ్చి ఉంటే, లోపల స్పేసర్ ఉందో లేదో మీకు తెలియకపోవచ్చు. రిమ్ముకూ డ్రమ్ముకూ మధ్య టార్చి వేసి చూడండి, ఒక కొత్త మెరుపు పట్టీ కనిపిస్తే అదే. కనిపిస్తే ఈ రోజే జాకీ ఎత్తి నట్టు చుట్లు లెక్కపెట్టుకోండి. మళ్లీ మార్కెట్టుకు లోడు ఎత్తేలోపల.