స్లో జెట్

హోసూరులో నా పాత పద్మిని కారు రోడ్డెక్కితే బాగానే పరుగెత్తేది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మాత్రం ఠక్కున ఆగిపోయేది. చూసినవాళ్లంతా స్లో స్క్రూ బిగించి వేగం పెంచమన్నారు. మెకానిక్ ఒప్పుకోలేదు. అందరితో తమిళం మాట్లాడే అతను నాతో ఇంటి తెలుగులో అన్నాడు: "స్క్రూ తిప్పితే ఇప్పటికి నిలబడతాది సార్, రోగం అట్లే ఉంటాది."

లెక్క తేలని తేడాను సస్పెన్స్ ఖాతాలో వేసి ఇంటికి పోయేవాళ్లను బ్యాంకులో చాలామందిని చూశాను. ఇతను ఆ రకం కాదు.

ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ చూశాడు. గొట్టాల్లో ఎక్కడైనా గాలి చొరబడుతోందేమోనని తడిమాడు. చివరికి కార్బురేటర్‌లోంచి స్లో జెట్ తీసి వెలుతురుకు పెట్టి చూపించాడు. రంధ్రం పూడిపోయింది. పరుగులో పెట్రోలు పెద్ద జెట్ గుండా వస్తుంది. బండి నిలిచినప్పుడు ఇంజనుకు ఈ సన్నని దారే ఆధారం. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుందని, పెట్రోలుతో కడిగి గాలి కొట్టాడు. ఆ తర్వాతే స్క్రూ సరిచేశాడు. ఇంజన్ నిలకడగా తిరిగింది.

మన తెలుగూ అంతే. బడి, బజారు, ఆఫీసు తమిళంతో సాగిపోతాయి. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఇంట్లో పలికే నాలుగు మాటలే మన స్లో జెట్. పరుగులో ఉన్నన్నాళ్లు అది పూడినా తెలియదు.