ఒక్క రోజు తేడా

పీహెచ్‌డీ రెండో ఏడు. చిట్టెలుక పిల్లల మొదటి దవడపన్నులో అమెలోజెనిన్ అనే ప్రోటీన్ ఏ రోజున కనబడుతుందో, రోజురోజుకీ ఎలా పెరుగుతుందో చూడడం నా పని.

పంటి మీద ఎనామిల్ నేరుగా గట్టిపడదు. ముందు ప్రోటీన్ల పరుపు పడుతుంది. అందులో 90 శాతం దాకా అమెలోజెనినే. తర్వాత ఎంజైములు దాన్ని ముక్కలు చేసి తీసేస్తేనే ఖనిజానికి చోటు దొరుకుతుంది. పూర్తిగా తయారైన ఎనామిల్ బరువులో 95 శాతం ఖనిజమే. పునాది వేసిన ప్రోటీన్ ఆనవాలు కూడా దాదాపు మిగలదు. ఈ సంగతి చదివిన రోజే నేను పంటి మీద పని చేయాలనుకున్నాను.

ఎలుక మొదటి దవడపన్ను తల్లి కడుపులో పదకొండో రోజుకే మొదలవుతుంది. చిగురు చీల్చుకుని బయటికి రావడానికి మాత్రం పుట్టాక రెండు వారాలు పడుతుంది. నాకు కావలసింది పుట్టిన తర్వాతి మొదటి నాలుగైదు రోజులు. కొన్ని పిల్లల్ని నేను తీసుకున్నాను, కొన్నిటిని మా జూనియర్ తీసుకున్నాడు. దవడల్ని ఈడీటీఏలో నానబెట్టి మెత్తబరిచి, మైనంలో పొదిగి, పలచగా కోసి, యాంటీబాడీ వేశాం. ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది.

రెండో రోజు స్లైడులో పంటి మొన దగ్గర చక్కటి గోధుమరంగు గీత. మూడో రోజుకి అది దాదాపు లేదు. నాలుగో రోజుకి మళ్లీ దట్టంగా ఉంది.

నాకు గుండె వేగంగా కొట్టుకుంది. అమెలోజెనిన్‌ను ఎమ్‌ఎమ్‌పీ-20 అనే ఎంజైము కత్తిరిస్తుందని అప్పటికే తెలుసు. మూడో రోజున ఆ కత్తిరింపు ఒక్కసారిగా ఊపందుకుంటుందని నిర్ణయించేసుకున్నాను. మూడు నెలలు ఆ ఊహ వెంటే తిరిగాను. ఇంకో యాంటీబాడీ కూడా తెప్పించాను.

ల్యాబ్ మీటింగులో మా మేడమ్ గ్రాఫు చూడలేదు. "మూడో రోజు పన్ను మామూలు రంగు వేసిన స్లైడు ఉందా?" అన్నారు. ఉంది. నేనే పక్కన పెట్టేశాను. ఆవిడ పక్కనే కూర్చుని మైక్రోస్కోపులో చూశాను. ఎనామిల్ చేసే కణాలు పనిలోకి దిగే ముందు పొడుగవుతాయి, కేంద్రకం డెంటిన్‌కి దూరంగా అవతలి కొసకు జరుగుతుంది. ఇక్కడ కణాలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి, కేంద్రకాలు ఒక వరుసలో లేవు. కింద డెంటిన్ సన్నటి పొర. ప్రోటీన్‌ను ఎవరూ కత్తిరించలేదు. అది ఇంకా తయారే కాలేదు.

జూనియర్‌ని అడిగాను. "పుట్టిన రోజే ఒకటి కదా అక్కా," అన్నాడు. నాకు అది సున్నా. పైగా నేను పొద్దున ఒక్కసారే వెళ్లి చూసేదాన్ని. ముందురోజు నేను వెళ్లి వచ్చాక పుట్టినవాటికి, నేను సున్నా అని రాసేసరికే దాదాపు ఒక రోజు వయసు. అతను సాయంత్రం పుట్టినవాటిని అప్పుడే రాసుకున్నాడు. నా 'రెండో రోజు' పిల్లలే అతని 'మూడో రోజు' పిల్లల కంటే పెద్దవి. బరువులు నా పుస్తకంలోనే ఉన్నాయి. నావి 2 గ్రాములకు దగ్గర, అతనివి గ్రామున్నర. నా చేత్తో రాసిన అంకెలు. మూడు నెలల్లో ఒక్కసారైనా పక్కపక్కన పెట్టి చూడలేదు.

జూనియర్ తప్పేమీ లేదు. అడగాల్సింది నేను.

నన్ను బాధించింది పోయిన కాలం కాదు. అరచేతిలో చిటికెన వేలంత కూడా లేని ఆ పిల్లలు, ఇంకా కళ్లు తెరవనివి, నేను రాసిన తప్పు అంకె కోసం చచ్చిపోయాయి. అవి కొత్తగా కావాలంటే జంతు నీతి కమిటీకి మళ్లీ అర్జీ పెట్టాలి. అందులో ఎన్ని అని ఒక గడి, ఎందుకు అని ఒక గడి. మొదటి గడిలో 16 అని రాశాను. రెండో గడి దగ్గర చాలాసేపు పెన్ను కదల్లేదు. చివరికి, "వయసు లెక్కించడంలో నా పొరపాటు వల్ల," అని రాసి సంతకం చేశాను.