కుక్కపిల్లకి ఒక్క సూది చాలదండీ

"మా కుక్కపిల్లకి వాక్సిన్ అయిపోయిందండీ" అని ధీమాగా చెప్పేవాళ్ళు మన ఐటీ జనాల్లో చాలామందే ఉన్నారు. ఎన్ని డోసులు అంటే, ఒకటి! మిగతావి డాక్టర్లు డబ్బుల కోసం పొడుస్తారని వీళ్ళ అనుమానం.

అసలు సంగతేంటంటే, తల్లి ముర్రుపాలతో వచ్చే యాంటీబాడీలు మొదట్లో జబ్బుని ఆపుతాయి, టీకానీ పనిచెయ్యనివ్వవు. అవి ఎప్పుడు తగ్గుతాయన్నది ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 2-4 వారాలకోసారి వేస్తారు. మన భాషలో చెప్పాలంటే రీట్రై లూప్ అన్నమాట. మొదటి డోసు పాసైందో ఫెయిలైందో లాగ్ కనబడదు మరి!

మా టీంలో ఒకాయన బీగిల్ పిల్ల ఒక్క డోసుతోనే వీధిలో తిరిగింది. పార్వో వచ్చి వాంతులు, నెత్తుటి విరేచనాలతో మూడు రోజుల్లో పోయింది. వాళ్ళ పాప వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదట. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కోర్సు అయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే చోట పిల్లని దించకండి.

ఇక ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే వచ్చేస్తాయి, పాలలోనూ వస్తాయి. రెండో వారం నుంచే, రెండు వారాలకోసారి, బరువు తూచి మందు పట్టించాలి. ఇవి మన పిల్లలకీ సోకుతాయి. రేబిస్ టీకా వేరే, మూడు నెలలకి. ఏడాదికి మళ్ళీ వేయించాలి.

వేలు పోసి కొన్నవాళ్ళకి ఇంకో రెండు సూదులు బరువా, చెప్పండి? ఫోన్లో రిమైండర్లు పెట్టుకోండి, చాలు.