పైన ఎండ... కింద వరద!

పాతబస్తీ అంటే చార్మినార్ ఒక్కటేనా? మూసీ ఒడ్డున ఓసారి బండి మీద తిరగాలి. పురానాపూల్ నుంచి బయల్దేరితే సిటీ కాలేజీ, ఆ పక్కనే హైకోర్టు గుమ్మటాలు, అవతలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి! మూడింటి నమూనా వెనకా ఉన్న చెయ్యి ఒక్కటే... విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడిది. నయాపూల్, సాలార్‌జంగ్ మ్యూజియం దాటి చాదర్‌ఘాట్ దాకా అదే వరస. మధ్యమధ్యలో ముక్కు మూసుకోక తప్పదు, అది వేరే సంగతి!

వానాకాలంలో మాత్రం ఈ షికారుకి ముందు వాకబు చేయాల్సిందే. ఆకాశం చూస్తే లాభం లేదు. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. అక్కడ రాత్రి కుండపోత కురిస్తే, తెల్లారి చార్మినార్ దగ్గర ఎండ కాస్తున్నా ఇక్కడ నది పొంగొచ్చు. అందుకే తెలిసినవాళ్లు 'వానొస్తుందా' అని అడగరు. 'గేట్లు ఎత్తారా' అంటారు.

గండిపేట నిండుమట్టం 1790 అడుగులు. హిమాయత్‌సాగర్‌ది 1763.5. నీళ్లు ఆ అంకెల దగ్గరికొచ్చాయంటే గేట్ల లెక్క మొదలు. దీనికి 15, దానికి 17. ఒకటో రెండో కొద్దిగా ఎత్తితే ఫర్వాలేదు. ఎక్కువ ఎత్తితే ముందు మునిగేవి తక్కువ ఎత్తు వంతెనలే. 2022 జులైలో చాదర్‌ఘాట్ చిన్న వంతెన, మూసారాంబాగ్ వంతెన రెండూ మూసేశారు. బళ్లన్నీ పెద్ద వంతెనల మీదకే మళ్లాయి.

అసలు ఈ జలాశయాలు వచ్చిందే వరద వల్ల. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలోనే ఉంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. 1578 నాటి పురానాపూల్ మాత్రం ఆ వరదనూ తట్టుకుంది.

అయినా 2025 సెప్టెంబరు 26 రాత్రి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చేశాయి. ఊరెళ్దామని వచ్చినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు.

షికారుకెళ్లేవాళ్లకి వంతెన మూస్తే చుట్టుదారి, అంతే. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ వాళ్లకి అదే కబురు వేరేలా వినిపిస్తుంది. బియ్యం మూట ముందా, పిల్లల పుస్తకాలు ముందా? గేట్లు దించి, వంతెన మీద బళ్లు తిరగడం మొదలయ్యాక కూడా వాళ్లు ఇళ్లలో బురద ఎత్తిపోస్తూనే ఉంటారు.