అద్దాల బీరువాలో ఒక తట్ట

మా ఇంటికి తొలిసారి వచ్చిన బంధువులు ముందుగదిలో కూర్చోగానే గోడవారగా ఉన్న అద్దాల బీరువా వైపు చూస్తారు. అందులో పింగాణీ పాత్రలు లేవు, వెండి సామాను లేదు. పసుపుపచ్చని ఎక్స్‌కవేటర్లు, బుల్డోజర్లు, రోడ్డు రోలర్లు, డంపర్లు వరుసగా నిలబడి ఉంటాయి. అన్నీ అరచేతిలోనో, రెండు చేతుల్లోనో పట్టేవే. "పిల్లల ఆటబొమ్మలా?" అని కొందరు అడుగుతారు. "వీటికోసం ఇంత డబ్బు పోశారా?" అని మరికొందరు మనసులో అనుకుంటారు, ఆ మాట వారి ముఖాల్లో కనిపిస్తూనే ఉంటుంది. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. వాటికి మేము చెప్పుకోగల సమాధానం మా ఇంటి కథ తప్ప మరొకటి కాదు.

మేము ముగ్గురం తోబుట్టువులం. మాచర్లలో పుట్టి పెరిగాం. మా చిన్నతనమంతా అబ్బా దుబాయిలో ఎక్స్‌కవేటర్ నడిపారు. రెండేళ్ళకొకసారి వచ్చి నలభై రోజులు ఉండి వెళ్ళేవారు. 1999లో ఆయన వచ్చినప్పుడు పెట్టెలో ఖర్జూరాలు, దుప్పట్లు, సెంటు సీసాలతో పాటు ఒక చిన్న అట్టపెట్టె కూడా ఉంది. కొత్త యంత్రాన్ని అప్పగించడానికి వచ్చిన విక్రేత తరఫు ఇంజనీరు, ఆపరేటరుగా అబ్బా పనితనం చూసి ముచ్చటపడి ఇచ్చిన బహుమతి అది. తెరిచి చూస్తే అచ్చంగా ఆయన నడిపే యంత్రమే. గొలుసు పట్టాలు నిజంగా తిరిగేవి. బకెట్టు లేచేది, దిగేది. పైభాగం చుట్టూ తిరిగేది. మాలో చిన్నదైన చెల్లెలు క్యాబిన్ కిటికీకి కన్ను ఆనించి చూసి, "ఇందులో అబ్బా లేరే?" అంది. అప్పుడు అందరం నవ్వాం. ఆయన సెలవు ముగిసి వెళ్ళిపోయాక మాత్రం ఆ ఖాళీ క్యాబిన్‌ను మేము నవ్వుతూ చూడలేకపోయాం.

ఆ నమూనాయే మాకు అబ్బా వృత్తిని పరిచయం చేసింది. అంతకుముందు "మీ నాన్న ఏం చేస్తారు?" అని బడిలో అడిగితే "దుబాయిలో ఉంటారు" అనేవాళ్ళం. దుబాయిలో ఉండటం ఉద్యోగం కాదన్న సంగతి మాకు తోచలేదు. ఇప్పుడు చెప్పడానికి మాటలు దొరికాయి. మన ఊళ్ళలో మట్టి తవ్వే ప్రతి యంత్రాన్నీ జేసీబీ అనేస్తాం. అది నిజానికి జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆంగ్లేయుని పేరులోని పొడి అక్షరాలు. ఆయన 1945లో నెలకొల్పిన సంస్థ 1953లో ముందు ఒక తొట్టి, వెనుక ఒక తవ్వుడు చేయి ఉన్న చక్రాల యంత్రాన్ని తయారు చేసింది. గొలుసు పట్టాల మీద నిలిచి నడుము చుట్టూ తిరిగే యంత్రాన్ని మనవాళ్ళు ప్రొక్లెయిన్ అంటారు. అదీ పొక్లెయిన్ అనే ఫ్రెంచి సంస్థ పేరు నుంచి వచ్చిందే. అబ్బా నడిపేది ఈ రెండో రకం. ఈ తేడా తెలిసిన నాడు బడిలో మా గొంతు కాస్త పెరిగింది.

సెలవులో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు అబ్బా మా చేత లెక్కలు చేయించేవారు. నమూనా అడుగున 1:50 అని రాసి ఉంటుంది. అసలు యంత్రంలో ఒక మీటరు దీనిలో రెండు సెంటీమీటర్లు. తొమ్మిదిన్నర మీటర్ల యంత్రం పందొమ్మిది సెంటీమీటర్లకు ఒదిగింది. "మరి బరువెంత ఉండాలి?" అని అడిగారు. యాభైతో భాగించి నాలుగు వందల కిలోలన్నాం. ఆయన నవ్వి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ యాభయ్యోవంతే కదా అన్నారు. యాభైని మూడుసార్లు హెచ్చవేస్తే 1,25,000 వచ్చింది. ఇరవై టన్నుల యంత్రాన్ని దానితో భాగిస్తే 160 గ్రాములే. కిరాణా కొట్టు తక్కెడలో తూచి చూస్తే అది దాదాపు మూడు రెట్లు తూగింది. లెక్క తప్పిందేమోనని తికమకపడ్డాం. కారణం అబ్బాయే చెప్పారు. అసలు యంత్రంలో పది మిల్లీమీటర్ల ఉక్కు రేకు ఈ కొలతలో 0.2 మిల్లీమీటర్లు కావాలి. పోతపోసిన లోహాన్ని అంత పలుచగా నిలపడం కష్టం. అందుకే గోడలు మందంగా ఉంటాయి, బరువు పెరుగుతుంది. ఘనపరిమాణం పాఠం మాలో ఎవరికీ తర్వాత బడిలో కష్టం కాలేదు.

ఈ నమూనాలు ఎక్కువగా జింకు ప్రధానంగా, కొద్దిపాటి అల్యూమినియం కలిపిన మిశ్రలోహంతో తయారవుతాయి. అది నాలుగు వందల డిగ్రీల సెల్సియస్‌లోపే కరుగుతుంది. ఉక్కు అచ్చులలోకి ఒత్తిడితో పంపితే బోల్టు తలల వంటి సన్నని వివరాలు సైతం తేలుతాయి. జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతం ఈ పనికి పేరుపొందింది. 1968లో మొదలైన ఎన్‌జెడ్‌జీ పేరుకు అర్థమే న్యూరెంబర్గ్ జింకు పోత అని. కాన్రాడ్ కూడా ఆ చుట్టుపక్కలదే. ఆటబొమ్మగా అమ్మడం కన్నా, యంత్రాల కంపెనీలు తమ కొనుగోలుదారులకు, ప్రదర్శనలకు వచ్చేవారికి ఇచ్చుకోవడానికి ఇటువంటివి చేయించుకోవడం ఎక్కువ. మా మొదటి ఎక్స్‌కవేటర్ మా ఇంటికి చేరింది ఆ దారిలోనే.

ఆ తర్వాతవి అబ్బా కొన్నవి. దానికి అమ్మీ ఒక నియమం పెట్టారు. జకాత్ తీయాలి, దాదా దాదీల మందులకు పోవాలి, మా ఫీజులకు పోవాలి. ఇవన్నీ తీరాక మిగిలితే ఏడాదికి ఒక్కటి. అప్పు చేసి కొనకూడదు. పక్కింటివారికి చూపించి గొప్పలు చెప్పుకోకూడదు. వృథా ఖర్చుకూ, మనసుకు ఇష్టమైన ఖర్చుకూ నడుమ గీత చాలా సన్ననిదని, దాన్ని ఇంటివాళ్ళే ఎప్పటికప్పుడు వెతుక్కోవాలని అమ్మీ అనేవారు. అబ్బా ఆ నియమాన్ని తప్పలేదు. కొన్నేళ్ళు ఏదీ రాలేదు. కొన్ని పాత సామాను అంగళ్ళలో అట్టపెట్టె లేకుండా చవకగా దొరికినవి. పెట్టె లేకపోతే సేకరణదారులు విలువ తగ్గిస్తారు. మాకు మాత్రం తగ్గినట్టు ఎన్నడూ అనిపించలేదు.

శుక్రవారం జుమా నమాజు తర్వాత బీరువా తెరవడం ఇంటి ఆనవాయితీ అయింది. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం మాలో పెద్దవాడి పని. గొలుసు పట్టాల సందులు తుడవడం నడిమివాడిది. చక్రాల కింద కాగితం ముక్కలు మార్చడం చెల్లెలిది. రబ్బరు టైర్లు కొన్ని ఏళ్ళ తరబడి ఒకేచోట ఆనితే రంగు మీద మరక పడుతుంది. మాచర్ల ఎండ సంగతి తెలిసిందే కనుక కిటికీ వెలుగు నేరుగా పడకుండా తెర కట్టాం. ఆ గంటలోనే దుబాయి నుంచి ఫోను వచ్చేది. "ఈ వారం ఏది నడిపారు, అబ్బా?" అని అడిగి, ఆయన చెప్పిన యంత్రాన్ని ముందు వరుసలోకి తెచ్చి పెట్టేవాళ్ళం. బుర్జ్ ఖలీఫా లేస్తున్న రోజుల్లో ఆయన తన పనిస్థలం నుంచే దాన్ని చూసేవారు. జర్మనీ పుట్‌జ్‌మైస్టర్ పంపులు 2008లో అక్కడ కాంక్రీటును 606 మీటర్ల ఎత్తుకు పంపాయి. ఆ గోపురం మొత్తం 828 మీటర్లు. మా కొలతలో కట్టినా పదహారున్నర మీటర్లు, అంటే అయిదంతస్తుల మేడ అవుతుంది. మా బీరువా ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

ఇదంతా చూస్తూ కూర్చునే మనిషి మా దాదా. ఆయన నాగార్జునసాగర్ ఆనకట్ట పనిలో కూలీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నడుమ వేలాది మంది రాళ్ళు మోశారు, సున్నం మోశారు, మట్టి మోశారు. యంత్రాలు లేకపోలేదు, అయినా అంత పెద్ద రాతికట్టడం ప్రధానంగా మనుషుల నెత్తిమీద, భుజాల మీద లేచింది. దాదా ఒకరోజు ఎక్స్‌కవేటర్‌ను ఒళ్ళో పెట్టుకుని అబ్బాను అడిగారు.

"ఈ బకెట్టు ఒక్కసారి ముంచితే ఎన్ని తట్టల మట్టి వస్తుంది?"

అబ్బా కాసేపు ఆలోచించారు. బకెట్టుకు ఒక ఘనమీటరు, అంటే సుమారు ఒకటిన్నర టన్నులు. తట్టకు ముప్పై కిలోలు. "యాభై తట్టలు" అన్నారు.

"మరి ఆ యాభై మందీ ఏమయ్యారు?"

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. చివరికి అబ్బా మెల్లగా, "వాళ్ళలో ఒకరి కొడుకు దీన్ని నడుపుతున్నాడు, అబ్బా" అన్నారు. దాదా తల పంకించారు. అది పూర్తి సమాధానం కాదని ఇద్దరికీ తెలుసునని మాకు ఇప్పుడు అనిపిస్తుంది. మిగిలిన నలభై తొమ్మిది మంది గురించి ఆ రోజు ఎవరూ చెప్పలేదు. 2006లో దాదా అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు.

2008 చివర గల్ఫ్‌లో నిర్మాణాలు ఆగిపోవడం మొదలైంది. మరుసటి ఏడు అబ్బా ఉద్యోగం పోయింది. రెండు నెలల జీతం బాకీ ఉండగానే ఇంటికి వచ్చేశారు. ఏళ్ళ తరబడి యంత్రం కుదుపులకు నడుము అరిగిపోయింది. అదే ఏడు చెల్లెలికి నర్సింగులో సీటు వచ్చింది. బంగారం అంతకుముందే కరిగింది. చెన్నైలో ఒక సేకరణదారుకు మా దగ్గరున్న మొబైల్ క్రేన్ కావాలని తెలిసింది. అది రెండేళ్ళ వాటాలు కలిపి అబ్బా కొన్నది. తయారీ ఆగిపోవడంతో ధర పెరిగింది. దాని చేయి పూర్తిగా చాస్తే ఒకప్పుడు చెల్లెలి నెత్తి వరకు వచ్చేది. "నా చదువుకోసం అది అమ్మొద్దు" అని ఆమె ఏడ్చింది. మా అన్నదమ్ములకూ మనసొప్పలేదు. అబ్బా మాత్రం ఆ రాత్రే దాన్ని తుడిచి, పాత చొక్కాలో చుట్టి, పెట్టెలో పెట్టారు.

"క్రేన్ ఒక చోట ఉండిపోయేది కాదమ్మా. ఎత్తవలసింది ఎత్తాక అక్కడి నుంచి వెళ్ళిపోతుంది. దీని పని నిన్ను ఎత్తడమే అనుకో" అన్నారు.

దానితో పాటు మరో మూడు వెళ్ళాయి. మొదటి సంవత్సరం ఫీజు, హాస్టలు ఖర్చు గట్టెక్కాయి. ఆమె నేడు నర్సుగా పనిచేస్తోంది. సేకరణ అంటే కూడబెట్టడం మాత్రమేనని అంతవరకు అనుకున్నాం. సమయం వచ్చినప్పుడు చేతి నుంచి వదలగలిగితేనే అది మన అధీనంలో ఉన్నట్టని, లేకుంటే మనమే దాని అధీనంలో ఉన్నట్టని ఆ రాత్రి నేర్చుకున్నాం.

నడిమి అరలో క్రేన్ ఉన్న చోటు ఖాళీగా మిగిలింది. చాలాకాలం అలాగే ఉంచాం. కొన్నేళ్ళకు మాలో నడిమివాడు ఆ చోట పెట్టడానికి చిన్న కూలీల బొమ్మలు తెచ్చాడు. మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు, తలపై టోపీలు. దాదా అడిగిన ఆ యాభై మందికీ అక్కడ చోటివ్వాలన్నది వాడి ఆలోచన. దాదీ చూసి, ప్రాణుల ప్రతిమలు ఇంట్లో వద్దన్నారు. పిల్లల ఆటవస్తువుల విషయంలో పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయని వాడు చెప్పబోయాడు. అబ్బా వాడిని వారించి, దాదీ మాటకే విలువ ఇచ్చారు. బొమ్మలు వెనక్కి వెళ్ళాయి.

మరుసటి శుక్రవారం దాదీ మమ్మల్ని పిలిచి, "తట్ట ఎంత ఉండాలి మీ లెక్కలో?" అని అడిగారు. అడ్డం నలభై అయిదు సెంటీమీటర్ల తట్ట తొమ్మిది మిల్లీమీటర్లు కావాలని లెక్కకట్టి చెప్పాం. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కొబ్బరి ఈనెను బ్లేడుతో దారాలుగా చీల్చి, నాలుగు రోజులు కూర్చుని అల్లారు. మూడు విరిగిపోయాయి. నాలుగోది నిలిచింది. "మనిషిని నిలబెట్టనక్కరలేదు. ఆయన మోసింది పెడితే చాలు" అన్నారు.

దాదీ కూడా ఇప్పుడు లేరు. అబ్బా కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మా పిల్లలు శుక్రవారాలు కుంచెలు పట్టుకుంటున్నారు. 1:50 లెక్కలు అబ్బాయే వారి చేత చేయిస్తున్నారు. ప్రతి ఇంట్లో ఇటువంటి బీరువా ఉండాలని మేము అనము. మీ ఇంటి పెద్దలు ఏ పని చేసి మిమ్మల్ని పెంచారో పిల్లలకు చేత్తో తాకి చూపగల వస్తువు ఒక్కటైనా ఇంట్లో ఉంటే బాగుంటుందని మాత్రం అంటాం. అది కుట్టుమిషను కావచ్చు, తాపీ కావచ్చు, పాత తక్కెడ కావచ్చు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఇవి ఆటబొమ్మలా?" అని అడిగితే, బీరువా తెరిచి ముందుగా యంత్రాలను చూపము. నడిమి అర నుంచి ఆ తట్టను తీసి వారి అరచేతిలో పెడతాం. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత తేలిక కనుక, అందరూ దాన్ని ఎంతో జాగ్రత్తగా పట్టుకుంటారు.