ఒక్క ‘ఓ’ ఎక్కువైతే

వనపర్తి పేరును ఇంగ్లీషులో రాయమని మీ క్లాసులో పదిమందిని అడిగి చూడండి. మొదటి అక్షరం ‘వి’నా, ‘డబ్ల్యూ’నా? ‘తి’ కోసం ఒట్టి ‘టి’ చాలా, ‘టిహెచ్’ కావాలా? చివర ‘ఐ’నా, ‘వై’నా? మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు జవాబులు. 2 × 2 × 2, మొత్తం 8 స్పెల్లింగులు. ఎనిమిదింటినీ గట్టిగా చదివితే ఊరు ఒక్కటే. ప్రభుత్వ కాగితాల మీద మాత్రం డబ్ల్యూతో మొదలై, టిహెచ్, వైతో ముగిసేదే వనపర్తి.

2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటినుంచి మా దిక్కు పిల్లలు ప్రతి అప్లికేషన్లో ఈ పేర్లు నింపుతూనే ఉన్నారు. నాగర్‌కర్నూల్ రాసేటప్పుడు ‘నాగర్’ జారిపోయిందా, మన అడ్రసు కృష్ణ, తుంగభద్ర రెండూ దాటి పక్క రాష్ట్రంలో తేలుతుంది. నోటితో చెప్పినప్పుడు ఈ బాధ లేదు. ఎదుటివాడు "ఏ కర్నూలు?" అని అడుగుతాడు. కాగితం అడగదు.

మాది వనపర్తి దిక్కు. నేను రాసేది తెలుగే అని తెలిసి కూడా, ప్లేస్‌మెంట్ల సీజన్ రాగానే "అన్నా, నా రెజ్యూమె ఒకసారి చూసిపెట్టవా" అని జూనియర్లు వస్తుంటారు. అట్ల చూసిన కాగితాలతో నాకు అర్థమైంది ఒకటే. మన తప్పుల్లో చాలా వరకు ఇంగ్లీషు రాక వచ్చేవి కావు, తెలుగు చెవితో ఇంగ్లీషు రాయడం వల్ల వచ్చేవి.

తెలుగులో దాదాపు ఎట్ల పలికితే అట్లనే రాస్తాం. కాబట్టి చిన్నప్పటినుంచి మనకు చెవిని నమ్మడం అలవాటు. ఇంగ్లీషులో ఆ లెక్క నడవదు. అక్కడ పలుకుబడి వందల ఏండ్లలో మారిపోయినా రాత చాలాచోట్ల పాతదే ఉండిపోయింది. ‘నైఫ్’ ముందు మూగగా కూర్చున్న ‘కె’ కూడా ఒకప్పుడు పలికిన అక్షరమే.

ఇక ‘లూజు’ సంగతి చూడండి. అంగీ వదులైతే మనం "లూజైంది" అంటాం. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను ‘లూస్’ అని పలుకుతారు, రెండు ‘ఓ’లతో రాస్తారు. వాళ్లు ‘లూజ్’ అని పలికేది పోగొట్టుకోవడాన్ని. దానికి ఒక్కటే ‘ఓ’. మన నోట్లో మొదటిదాని మీద రెండోదాని పలుకు ఎక్కి కూర్చుంది. అందుకే "ఈ అవకాశం పోగొట్టుకోను" అని రాయబోయి "ఈ అవకాశం వదులు చేయను" అని రాసి పంపుతారు. ‘అడ్వైస్’ కథా ఇంతే. సలహాకు చివర ‘స్’ శబ్దం, ‘సి’ అక్షరం. సలహా ఇవ్వడానికి ‘జ్’ శబ్దం, ‘ఎస్’ అక్షరం. మనం చాలాసార్లు రెండింటినీ అడ్వైజే చేస్తాం.

కొన్ని జంటల విషయంలో ఇంగ్లీషు చెవి కూడా పనికిరాదు. బండి ఆపే ‘బ్రేకు’, విరగడమనే ‘బ్రేకు’ ఎవరు పలికినా ఒకటే. మెకానికల్ రిపోర్టులో స్పెల్లింగు తారుమారైతే బండి ఆగదు, విరుగుతుంది. కాటన్ చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీరల మీద ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇంకో గండముంది. రంగు అద్దడాన్ని ఇంగ్లీషులో ‘డైయింగ్’ అంటారు. అందులో ‘వై’ తర్వాత ‘ఇ’ ఉంచాలి. ఆ ‘ఇ’ తీసేస్తే దారానికి రంగు పట్టదు, ప్రాణం పోతుంది.

మరి స్పెల్‌చెక్ ఉంది కదా అంటారు. అది ముఖ్యంగా చూసేది ఆ మాట డిక్షనరీలో ఉందా లేదా అని. పైన చెప్పినవన్నీ డిక్షనరీలో ఉన్నవే, ఎర్రగీత రాదు. ‘ఫ్రమ్’ రాయబోయి ‘ఫార్మ్’ కొట్టినా రాదు. వాక్యం మొత్తం చూసే కొత్త టూల్స్ కొన్ని పట్టుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి.

ఇక్కడే తెలుగు అక్కరకొస్తుంది. శబ్దం దగ్గర మనల్ని తికమకపెట్టే తెలుగే అర్థం దగ్గర దారి చూపిస్తుంది. ‘ఇట్స్’ రాసేటప్పుడు తెలుగులో అనుకోండి. ‘దాని’ అని వస్తే అపాస్ట్రఫీ వద్దు, ‘అది’ అని వస్తే పెట్టాలి. ‘యువర్’ దగ్గర ‘నీ’ వస్తే ఒక్క మాట, ‘నువ్వు’ వస్తే రెండు మాటల ‘యూ ఆర్’. ‘దేర్’ దగ్గర ‘అక్కడ’ అని వస్తే ఆ స్పెల్లింగులో ‘హియర్’ దాగి ఉంటుంది, అక్కడలో ఇక్కడ అని గుర్తుపెట్టుకోండి. ‘వాళ్ల’ అని వస్తే అందులో ‘ఐ’ ఉండాలి. ఇంగ్లీషువాళ్లు ఒకేలా పలికే ఒక జంటను మనం విడదీసి పలుకుతాం కూడా. కాలేజీ పెద్దను ‘ప్రిన్సిపాల్’ అంటాం, ఆర్కిమిడీస్‌ది ‘ప్రిన్సిపుల్’ అంటాం. ఆ ‘పాల్’ వినపడితే చివర పి, ఎ, ఎల్ రాయండి.

తప్పులు మనకే సొంతమని మాత్రం అనుకోవద్దు. యూనిక్స్‌లో ఫైలును తయారుచేసే సిస్టమ్ కాల్ పేరు ‘క్రియేట్’, కానీ చివరి ‘ఇ’ లేదు. మళ్లీ యూనిక్స్ తయారుచేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఇ’ పెడతానని కెన్ థాంప్సన్ అన్నాడట. ఏ పేజీ నుంచి వచ్చామో సర్వర్‌కు చెప్పే హెచ్‌టిటిపి హెడర్ ‘రిఫరర్’. అందులో ఒక ‘ఆర్’ తగ్గింది. 1996లో వచ్చిన హెచ్‌టిటిపి 1.0 డాక్యుమెంట్లో అట్లనే అచ్చైంది, ఇప్పటికీ అట్లనే నడుస్తోంది. ఇప్పుడు సరిచేస్తే దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు ఆగిపోతాయి. పంపకముందు దిద్దడానికి ఒక్క నిమిషం చాలు, పంపాక ప్రపంచమంతా దిద్దాలి.

నేను జూనియర్లకు చెప్పేవి నాలుగే. రాసిన వెంటనే చూడొద్దు, ఒక రాత్రి ఆగండి. గట్టిగా చదివితే ఎగిరిపోయిన మాటలు దొరుకుతాయి గానీ ఈ జంటలు దొరకవు, అందుకని మౌనంగా, కింది వాక్యం నుంచి పైకి చదవండి. ఎవరికైనా తరచూ తడబడే మాటలు పది పన్నెండే ఉంటాయి, మీవి రాసిపెట్టుకొని కంట్రోల్ ఎఫ్ కొట్టి ఒక్కోదాన్ని వెతకండి. చివరగా పేర్లు చూడండి: కంపెనీ పేరు, మీ ఊరి పేరు, టెన్త్ మెమోలో ఉన్నట్టు మీ పేరు.

నాలుగూ చెప్పాక కూడా ఒక భయం మిగులుతుంది. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు, కోడ్ బాగా రాసేవాళ్లు, ఒక మెయిల్ పంపాలంటే వెనక్కి తగ్గుతారు. స్పెల్లింగు తప్పితే నవ్వుతారని ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయడమే మానేస్తారు. ‘ఓ’ ఎక్కువ పడ్డ మెయిల్‌కు జవాబు రాకపోవచ్చు. పంపని మెయిల్‌కు జవాబు రానే రాదు. అందుకే ముందు ధైర్యంగా రాసెయ్యండి, దిద్దేటప్పుడు చెవిని పక్కన పెట్టి కంటిని నమ్మండి. అనుమానమొస్తే ఆ మాటకు తెలుగులో అర్థం అడగండి.